మూగబోయిన చోటు: నారల పదార్థాల్లో శబ్దం ఎందుకు సన్నగిల్లుతుంది?

(తృతీయ సంవత్సరం బి.ఎస్‌సీ., భౌతికశాస్త్ర విద్యార్థి)

మా ఇల్లు గోదావరి గట్టు కింద, పొలం అవతల లంకలో. ఎకరంన్నర అరటి, దాని పక్కన కాస్త వంగ, బెండ. రోజూ పొద్దున్నే పడవ దాటి వెళ్ళాలి. సాయంత్రం గెలలతో, బుట్టలతో మళ్ళీ దాటి రావాలి. నా చిన్నతనంలో చెక్క నావ వుండేది. ఏడాదికోసారి దాన్ని వొడ్డున బోర్లించి, సందులు కూరి, తారు పూసేవాళ్ళు. తరువాత పదకొండు కుటుంబాలవాళ్ళు తలా కొంత వేసుకొని ఫైబరు పడవ కొన్నారు. తేలిక, పుచ్చదు, తారు ఖర్చు లేదు.

ఆ పడవ మంచిచెడ్డలు చూసేది మేమంతా పడవ తాత అని పిలిచే ఒక పెద్దాయన. బడి మొహం చూసినవాడు కాదు. రెండేళ్ళ కిందట వేసవిలో, ఎర్రనీరు రాకముందు, పడవని ఇసుక మీదికి లాగించి పది రోజులు ఎండబెట్టాడు. ఆ తరువాత కత్తి పిడితో దాని వొళ్ళంతా కొట్టుకుంటూ వచ్చాడు. టక్, టక్, టక్. కుడిపక్కన ఒక జానెడు మేర మాత్రం ఆ టక్ లేదు. దిండు మీద కొట్టినట్టు బొద్దుమంటోంది.

"ఇక్కడ మూగబోయిందిరా మనవడా. వరద తీసేదాకా దీన్ని నీళ్ళలోకి దించొద్దని మీ నాన్నకి చెప్పు" అన్నాడు.

నేను వంగి చూశాను. రంగు నున్నగా వుంది. చిన్న గీత కూడా లేదు. డిగ్రీ మొదటి సంవత్సరం పరీక్షల్లో శబ్దం పాఠం మీద ప్రశ్నలు రాసి వచ్చిన ధీమా ఒకటి వుంది గదా! "చప్పుడు విని పడవకి జాతకం చెబుతావా తాతా?" అని నవ్వాను. ఇంటికొచ్చి నాన్నతో కూడా ఆ నవ్వుతోనే చెప్పాను. నాన్న నా మాట నమ్మాడు. చదువుకొంటున్నవాడు చెప్పాడని మిగతా పది ఇళ్ళవాళ్ళకీ తనే నచ్చజెప్పాడు.

ఆగస్టులో ఒక సాయంత్రం రేవు దగ్గర ప్రవాహం తోసి పడవ మెట్టు రాతికి వొరుసుకొంది. పెద్ద దెబ్బేం కాదు, అలాంటివి ఎన్నో తిన్న పడవే. కాని ఆ కుడిపక్కే పుస్తకం విప్పినట్టు పొరలు పొరలుగా విచ్చుకొంది. మొలలోతు నీళ్ళు కాబట్టి అందరూ బయటపడ్డారు. గెలలు పోయాయి. మా పెద్దమ్మ మణికట్టు విరిగింది. ఆ చేత్తో ఆవిడ ఇప్పటికీ నిండు బిందె ఎత్తలేదు.

తాత నన్ను పల్లెత్తు మాట అనలేదు. పాడైన భాగాన్ని రంపంతో కోసి తీసేస్తుంటే నేను కొన్ని ముక్కలు అడిగి పట్టుకొచ్చుకొన్నాను. పడవ మూగబోవడం అంటే ఏమిటి? లోపల శబ్దానికి ఏమైంది? ఈ ప్రశ్నకి నేను నవ్వి వూరుకోకుండా జవాబు వెతికి వుండవలసింది. ఆలస్యంగానైనా వెతికాను. నాకు అర్థమైనంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

నారా, బంకా

ఫైబరు అని మనం తేలిగ్గా అనేసే పదార్థం నిజానికి రెండు పదార్థాల కాపురం. ఒకటి గాజు నార. ఒక్కొక్క పోగు మందం మిల్లీమీటరులో నూటో వంతు, రెండు వంతులు మాత్రమే. తలవెంట్రుక కంటే చాలా సన్నం. వందలాది పోగుల్ని కలిపి పేట చేస్తారు, పేటల్ని గుడ్డలా నేస్తారు. రెండోది పాలియెస్టరు రెసిను, అంటే గట్టిపడే బంక. అచ్చులో గుడ్డ పరచడం, బ్రష్షుతో బంక పూయడం, రోలరుతో అదిమి గాలి బయటికి నెట్టడం, దాని మీద మళ్ళీ గుడ్డ. పడవ అయినా, నీళ్ళ టాంకు అయినా ఇదే వరస. ఇలాంటివాటిని సంయుక్త పదార్థాలు అంటారు. బరువు మోసేది నార. నారల్ని ఒకదానితో ఒకటి పట్టివుంచి, బరువుని ఒక నార నుంచి ఇంకో నారకి అందించేది బంక.

ఇది మనకి కొత్తదేమీ కాదు. మా నాయనమ్మ ఇంటి మట్టిగోడలో వరిగడ్డి ముక్కలు కనబడేవి. గడ్డి కలపని మట్టి ఎండితే నెర్రెలు విచ్చుతుంది. గడ్డి ఆ నెర్రెను ముందుకి పోనివ్వదు. అయితే మట్టి సరిగ్గా తొక్కకపోతే గడ్డి చుట్టూ గాలి మిగిలిపోతుంది, ఆ గోడ మొదటి వానకే పెళ్ళలు పెళ్ళలుగా రాలుతుంది. రోలరు తొందరగా లాగించేసిన ఫైబరు పడవకీ అదే గతి. తేడా ఒక్కటే: గోడలో లోపం కంటికి కనిపిస్తుంది, పడవలో రంగు కింద దాక్కుంటుంది.

కంటికి కనబడనిదాన్ని చూడటానికి శబ్దాన్ని పంపిస్తారు. మన చెవికి 20,000 హెర్ట్జ్ పైన వినిపించదు. పదార్థాల పరీక్షకి వాడేవి అంతకన్న ఎన్నో రెట్లు పైన, అర మెగాహెర్ట్జ్ నుంచి పది మెగాహెర్ట్జ్ దాకా వుండే అతిధ్వనులు. వొత్తితే విద్యుత్తు పుట్టే స్ఫటికాల సంగతి క్యూరీ సోదరులు 1880లో కనిపెట్టారు. అలాంటి స్ఫటికానికి విద్యుత్తు ఇస్తే అది తిరిగి కంపిస్తుంది. ఈనాటి ప్రోబుల్లో వున్న కిటుకు అదే. మన తెలుగువారికీ ఈ విద్యతో పాత చుట్టరికం వుంది. కృష్ణా జిల్లా అగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం గారు 1940ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, స్ఫటికాల గుండా అతిధ్వనులు పంపి వాటి స్థితిస్థాపక స్థిరాంకాలు కొలిచారు. పాఠ్యపుస్తకంలో ఆయన పేరు చూసిన రోజున నాకు కలిగిన సంతోషం ఇక్కడ రాయకుండా వుండలేకపోతున్నాను.

తెర మీద ఏమీ లేదు

మా బావ ఒక ఇంజనీరింగు కళాశాలలో పరిశోధన విద్యార్థి. ఒక ఆదివారం నా పడవ ముక్కల్ని గుడ్డసంచిలో వేసుకొని ఆయన దగ్గరికి వెళ్ళాను. ముందుగా ఒక అల్యూమినియం దిమ్మ మీద ప్రోబు పెట్టి చూపించాడు. 5 మెగాహెర్ట్జ్ ప్రోబు. తెర మీద ప్రతిధ్వనులు మెట్లు మెట్లుగా లేచాయి. శబ్దం దిమ్మ అడుగుకి వెళ్ళి వచ్చి, మళ్ళీ వెళ్ళి వచ్చి, ఒకదాని వెనక ఒకటి, ఒక్కొక్కటి ముందుదాని కన్న కొంచెం పొట్టిగా. చూడ్డానికి గుడి మెట్లలా ముచ్చటగా వుంది.

తరువాత నా పడవ ముక్క. అది కూడా మంచి వైపునుంచి కోసినదే. ప్రోబు పెట్టాను. తెర మీద ఏమీ లేదు. ముక్క తిప్పాను, జరిపాను. ప్రోబుకీ ముక్కకీ మధ్య గాలి లేకుండా పూసే జెల్లు అయిపోతే బావ ఆముదం సీసా తీశాడు. (నూనె ఏదైనా పనికొస్తుందట. గది అంతా మా ఇంటి దీపావళిలా వాసన!) ఆముదం పూసినా ఏమీ లేదు. "యంత్రం పోయింది బావా" అన్నాను.

"యంత్రం బాగానే వుంది. నువ్వు అడిగే తీరు బాగోలేదు" అని నవ్వి, 5 మెగాహెర్ట్జ్ ప్రోబు తీసేసి, 1 మెగాహెర్ట్జ్ ప్రోబులు రెండు తెచ్చాడు. ముక్కకి ఇటొకటి అటొకటి పెట్టి, ఒకదానితో పంపి రెండోదానితో అందుకొన్నాం. తెర మీద ఒక శిఖరం నిటారుగా లేచింది.

పౌనఃపున్యం తగ్గించగానే శబ్దం ఎలా దాటింది? అల్యూమినియంలో హాయిగా తిరిగిన శబ్దం ఫైబరులో ఎక్కడ చచ్చిపోయింది? అసలు పాఠం ఇక్కడ మొదలవుతుంది. లెక్కలంటే గిట్టని ఆర్ట్సు మిత్రులు డెసిబెళ్ళ పేరా దాటేసి చదివినా నాకు అభ్యంతరం లేదు.

శబ్దం ఖర్చయ్యే దారులు

మొదటిది శోషణం. రెసిను పూర్తిగా గట్టి పదార్థం కాదు. కొంత రాయి, కొంత పాకం. శబ్ద తరంగం దాన్ని నొక్కి వదిలినప్పుడల్లా అందులోని పొడుగాటి అణువుల గొలుసులు ఒకదానితో ఒకటి రాసుకొంటాయి. నొక్కడానికి ఇచ్చిన శక్తి మొత్తం తిరిగి రాదు, కొంత వేడిగా మారిపోతుంది. ఎన్నిసార్లు నొక్కితే అంత నష్టం. కాబట్టి ఇలాంటి ప్లాస్టిక్కుల్లో పౌనఃపున్యం రెట్టింపు అయితే ఈ నష్టం కూడా ఇంచుమించు రెట్టింపు అవుతుంది. గాజు పోగులో ఈ రకం నష్టం చాలా తక్కువ. శబ్దాన్ని తాగేది బంకే.

రెండోది పరిక్షేపణం, అంటే చెదిరిపోవడం. ఇక్కడ శక్తి వేడి కాదు, దారి తప్పుతుంది. మా కాలవలో ఒక పక్క జమ్ము పెరిగి వుంటుంది. గులకరాయి వేస్తే లేచే చిన్న అలలు ఆ జమ్ములో దూరి ముక్కలు ముక్కలై అక్కడే పోతాయి. అదే పడవ వెళ్ళినప్పుడు లేచే పొడుగాటి అల జమ్ముని వూపుతూ అవతలి గట్టుకి చేరుతుంది. అల పొడవు ముందు జమ్ము కాడ ఎంతటిది? అదీ ప్రశ్న. ఘనపదార్థంలోనూ అంతే. అడ్డొచ్చిన వస్తువు తరంగ దైర్ఘ్యం కన్న చాలా చిన్నదైతే తరంగం దాన్ని లెక్కచేయదు. దాదాపు దానంత అయితే చెల్లాచెదరవుతుంది.

మన ముక్కలో లెక్క చూద్దాం. గాజు ఫైబరులో మందం వెంట శబ్ద వేగం సెకనుకి సుమారు 2,800 మీటర్లు. వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగ దైర్ఘ్యం వస్తుంది. 1 మెగాహెర్ట్జ్ దగ్గర 2.8 మిల్లీమీటర్లు, 5 మెగాహెర్ట్జ్ దగ్గర 0.56 మిల్లీమీటరు. ఒంటరి గాజు పోగు ఈ రెండింటికీ లెక్కలోది కాదు. కాని నేసిన గుడ్డలో పేట మందం అర మిల్లీమీటరు, ముప్పావు మిల్లీమీటరు వుంటుంది. అంటే 5 మెగాహెర్ట్జ్ తరంగానికి ప్రతి పేటా తనంత ఎత్తు గోడే! అందుకే నా మొదటి ప్రయత్నంలో తెర మీద ఏమీ కనిపించలేదు. నేను గులకరాయి అలని పంపి, అవతలి గట్టుకి ఎందుకు రాలేదని యంత్రాన్ని తిట్టుకొన్నాను.

అడ్డు తగలడం అంటే ఏమిటో ఇంకొంచెం నిలిచి చూడాలి. ప్రతి పదార్థానికీ ధ్వని అవరోధం అని ఒక గుణం వుంది. సాంద్రతని శబ్ద వేగంతో గుణిస్తే అది వస్తుంది. పక్కపక్కనున్న రెండు పదార్థాల అవరోధాలు దగ్గరగా వుంటే శబ్దం దాటిపోతుంది, దూరంగా వుంటే వెనక్కి కొడుతుంది. ఒకే కొలమానంలో చెబితే గాజుది సుమారు 14, రెసినుది సుమారు 3, నీళ్ళది ఒకటిన్నర. మరి గాలిది? 0.0004. గాజుకీ రెసినుకీ మధ్య వెడల్పాటి సరిహద్దు వుంటే శక్తిలో నూటికి నలభై పైచిలుకు పాళ్ళు వెనక్కి పోతుంది. రెసినుకీ గాలికీ మధ్య అయితే నూటికి తొంభైతొమ్మిది దాటి వెనక్కి పోతుంది. కాబట్టి నార శబ్దాన్ని ఇబ్బంది పెడుతుందంతే. గాలి బుడగ మాత్రం దానికి మూసిన తలుపు.

ఈ బుడగల వల్ల చెదరడానికి ఒక ప్రసిద్ధమైన నియమం వుంది. ఆకాశం నీలంగా ఎందుకుంటుందో వివరిస్తూ 1871లో లార్డ్ రేలీ కాంతికి చెప్పిన సూత్రమే ఇక్కడ శబ్దానికీ వర్తిస్తుంది. తరంగ దైర్ఘ్యం కన్న బాగా చిన్నవైన గుండ్రటి బుడగల వల్ల జరిగే పరిక్షేపణం పౌనఃపున్యపు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. పౌనఃపున్యం రెట్టింపు చేస్తే పదహారు రెట్లు. సన్నటి పోగుల్లాంటి పొడుగు వస్తువులకైతే మూడో ఘాతం, అంటే ఎనిమిది రెట్లు. బంక తాగే శబ్దం రెట్టింపే అవుతుందని పైన చెప్పుకొన్నాం. ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టుకొని చూసినప్పుడు నాకు కుర్చీలోంచి లేవాలనిపించింది. ఒకే ముక్కని రెండు మూడు పౌనఃపున్యాల దగ్గర కొలిచి, నష్టం ఎంత తొందరగా పెరుగుతోందో చూస్తే, శబ్దాన్ని బంక తాగిందా, బుడగలు చెదరగొట్టాయా చెప్పొచ్చన్నమాట. పోయిన శబ్దం ఎలా పోయిందో చెప్పి మరీ పోతుంది.

నార ఏ దిక్కుకి పరిచి వుందన్నది కూడా ముఖ్యమే. వెదురుని నిలువుగా చీల్చడం తేలిక, అడ్డంగా నరకడం కష్టం. శబ్దానికీ ఆ పక్షపాతం వుంది. కార్బను నారలన్నీ ఒకే దిక్కుగా పరిచిన పలకలో నార వెంబడి వేగం సెకనుకి తొమ్మిది వేల మీటర్లు దాటుతుంది, అడ్డంగా అయితే మూడు వేలకి అటూ ఇటూ. నార వెంట వెళ్ళే శబ్దం తక్కువ నష్టపోతుంది. మా పడవలో గుడ్డ రెండు దిక్కులా నేసినది కాబట్టి, మేము మందం వెంటే పంపాం కాబట్టి, ఆ గొడవ మాకు అంతగా లేదు.

కొలత

నష్టాన్ని డెసిబెళ్ళలో కొలుస్తారు. తెర మీద శిఖరం ఎత్తు సగమైతే 6 డెసిబెళ్ళు పోయినట్టు, పదో వంతైతే 20. లెక్క తెలిసినవాళ్ళకి: రెండు ఎత్తుల నిష్పత్తికి సంవర్గమానం తీసి ఇరవైతో గుణించడమే. ఇందులో వున్న సుఖం ఏమిటంటే, ఒక్కో మిల్లీమీటరుకి ఎంత పోయిందో కూడుకుంటూ పోవచ్చు.

అయితే ఒక చిక్కు వుంది. శిఖరం తగ్గడానికి పదార్థం ఒక్కటే కారణం కాదు. ప్రోబుకీ ముక్కకీ మధ్య ఆముదం పొర దగ్గర కొంత పోతుంది, కిరణం విచ్చుకోవడంలో కొంత పోతుంది. ఆ దొంగతనాలన్నీ పదార్థం నెత్తిన వేస్తే అన్యాయం. దీనికి బావ చెప్పిన ఉపాయం సులువైనది. ఒకే పదార్థంలో రెండు మందాల ముక్కలు తీసుకొని, అదే ప్రోబు, అదే ఆముదం, అదే వొత్తిడి. అప్పుడు పై నష్టాలు రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే, తేడా వచ్చిందంటే అది అదనపు మందం వల్లే.

నా దగ్గర మంచి వైపు నుంచి 6 మిల్లీమీటర్ల ముక్క, అడుగు దగ్గర నుంచి 14 మిల్లీమీటర్ల ముక్క వున్నాయి. మొదటిదానికి శిఖరం 80 గళ్ళు, రెండోదానికి 50. అంటే 8 మిల్లీమీటర్లకి 4 డెసిబెళ్ళు. మిల్లీమీటరుకి అర డెసిబెల్ చొప్పున నష్టం. ఇప్పుడు 5 మెగాహెర్ట్జ్ సంగతి చూడండి. ఒక్క శోషణమే లెక్కేసినా నష్టం ఐదు రెట్లు, మిల్లీమీటరుకి రెండున్నర. 6 మిల్లీమీటర్లు వెళ్ళి రావడానికి 30 డెసిబెళ్ళు, శిఖరం ముప్పయ్యో వంతుకి పడిపోతుంది. దాని మీద పేటల పరిక్షేపణం అదనం.

ఇక మూగ ముక్క. విచ్చుకొన్న చోటునుంచి జానెడు ఇవతల కోసినది. పైకి చూస్తే మంచి ముక్కకీ దానికీ ఏమీ తేడా లేదు, మందం కూడా అదే 6 మిల్లీమీటర్లు. శిఖరం నేలకి అతుక్కుపోయింది. మంచి ముక్క అంత ఎత్తుకి తేవడానికి యంత్రంలో మరో 18 డెసిబెళ్ళు పెంచవలసి వచ్చింది. ఎత్తులో చెబితే ఎనిమిదో వంతు. మంచి ముక్క మిల్లీమీటరుకి అర డెసిబెల్ తింటే ఇది మూడున్నర తింటోంది! ఆ అంచుని ఉప్పుకాగితంతో అరగదీసి మా ప్రయోగశాల సూక్ష్మదర్శినిలో పెట్టాను. దిబ్బరొట్టె కోసి చూసినట్టు వుంది. గుండ్రటి బొరియలు కొన్ని. పేటల మధ్య నొక్కుకుపోయి పొడుగ్గా సాగినవి ఎక్కువ.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఈ ముక్క. ఇది విరగని చోటుది. పడవ రేవు రాతికి తగలకముందే, నేను రంగు నున్నగా వుందని నవ్విన రోజునే, ఈ బొరియలన్నీ లోపల వున్నాయి.

ఇంకో సంగతి అనుకోకుండా తెలిసింది. మూగ ముక్కని కడిగి బకెట్టు నీళ్ళలో మరిచిపోయి మూడు రోజుల తరువాత తీశాను. తుడిచి కొలిస్తే 6 డెసిబెళ్ళు మెరుగైంది! మందేమీ వేయలేదు గదా! కోసిన అంచుల్లోంచి నీళ్ళు బొరియల్లో దూరాయి. గాలికీ రెసినుకీ వున్నంత దూరం నీళ్ళకీ రెసినుకీ లేదు. ఒకటిన్నర, మూడు. సరిహద్దు దగ్గర నూటికి సుమారు పదకొండు పాళ్ళే వెనక్కి పోతుంది. మూసిన తలుపు ఓరగా తెరుచుకొంది. వారం పాటు ఎండలో పెడితే మళ్ళీ మూగబోయింది. సెలవులకి వెళ్ళినప్పుడు తాతతో ఈ మాట చెప్పాను.

"అందుకే గదరా పది రోజులు ఎండబెట్టేది! తడి పడవ అబద్ధం చెబుతుంది" అన్నాడు.

విమానాల దగ్గర

తాత చేసే పని చదువులేని పని అని మీలో ఎవరికైనా ఇంకా అనిపిస్తే ఒక మాట. సంయుక్త పదార్థాలతో చేసిన విమాన భాగాల్ని నాణెంతోనో, చిన్న సుత్తితోనో తట్టి వినడం విమాన మరమ్మతుల్లో గుర్తింపు పొందిన పరీక్ష. పొర విడిపోయిన చోట పైపొర ఒక పలచటి తోలులా వుంటుంది, వెనక ఆనుదల లేదు. కొట్టినప్పుడు అది లోపలికి వంగి నెమ్మదిగా తిరిగి వస్తుంది. సుత్తి దాన్ని తాకి వుండే కాలం కొంచెం ఎక్కువ. తాకిడి ఎంత పొట్టిదైతే అంత కీచుగా, ఎంత పొడుగైతే అంత బొద్దుగా మోగుతుంది. మంచి చోట టక్, చెడ్డ చోట బొద్. తాత చెవి కొలిచేది ఆ తేడానే.

అయితే న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. తట్టి వినడానికి హద్దులున్నాయి. పైకి దగ్గరగా, వెడల్పుగా విడిపోయిన పొర దొరుకుతుంది. లోతులో వున్నది దొరకదు. ఇంకా విడిపోకుండా, నా మూగ ముక్కలోలాగా సన్నటి బొరియలతో నిండివున్న చోటు చాలావరకు చెవికి దొరకదు. అది దొరకాలంటే క్షీణతని కొలవాల్సిందే. 1975లో ఇంగ్లండులో స్టోన్, క్లార్క్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కార్బను నారల పలకల్లో బొరియల శాతానికీ అతిధ్వని క్షీణతకీ వున్న సంబంధాన్ని కొలిచి ప్రచురించారు. బొరియలు కొద్దిగా వున్నప్పుడు గుండ్రంగా వుంటాయనీ, ఎక్కువైతే పొరల మధ్య చదునుగా సాగుతాయనీ, అప్పుడు క్షీణత ఇంకా తొందరగా పెరుగుతుందనీ వారు గమనించారు. నా దిబ్బరొట్టెలో రెండు రకాలూ ఎందుకు కనబడ్డాయో నాకు అది చదివాకే తెలిసింది.

ఇందులో ప్రాణాల లెక్క కూడా వుంది. పొర మీద పొర జారకుండా పట్టివుంచే బలం ఒకటుంది. బొరియలు నూటికి నాలుగు పాళ్ళ వరకు, ప్రతి ఒక్క శాతానికీ ఆ బలం ఇంచుమించు ఏడు శాతం తగ్గుతుందని 1978లో జడ్, రైట్ అనేవారు అనేక ప్రయోగాల్ని సమీక్షించి చెప్పారు. విమానాలకి సాధారణంగా రెండు శాతం దాటిన భాగాన్ని వొప్పుకోరు. 2001 జనవరి 4న మొదటిసారి ఎగిరిన మన తేజస్ యుద్ధవిమానం శరీర భారంలో సుమారు 45 శాతం సంయుక్త పదార్థాలే. 2009 డిసెంబరులో ఎగిరిన బోయింగ్ 787లో సగం. అలాంటి రెక్కల్ని పరీక్షించేటప్పుడు ఆముదానికి బదులు రెండు వైపులనుంచీ సన్నటి నీటిధారలు కొడతారు. శబ్దం ధారలో ప్రయాణించి, పలకని దాటి, అవతలి ధారలోకి వెళ్ళి అందుతుంది. అంగుళం అంగుళం జరుపుతూ ఎక్కడ ఎంత శబ్దం పోయిందో పటం గీస్తారు. శబ్దం బాగా పోయిన చోట పటం మీద మచ్చ.

లంక దాటే పడవకి ఇలాంటి పటం ఎవరూ గీయరు. రెక్కకీ పడవకీ వాడే నార వేరు, ఖరీదు వేరు, ఒప్పుకొంటాను. ఎక్కేవాళ్ళ ఎముకలు మాత్రం ఒకటే.

కిందటి సంక్రాంతి సెలవుల్లో తాత ఆ కుడిపక్కకి కొత్త పొరలు వేశాడు. నేను పక్కనే వున్నాను. నా కోరిక మీద, పడవకి వేసిన గుడ్డే, ఆ బంకే, అదే రోలరుతో ఒక చెక్కపలక మీద విడిగా ఒక బిళ్ళ వేసి ఇచ్చాడు. బిళ్ళని బావ దగ్గరికి తీసుకెళ్ళి కొలిస్తే 1 మెగాహెర్ట్జ్ దగ్గర మిల్లీమీటరుకి ఒకటిన్నర డెసిబెల్ వచ్చింది. పాత మంచి ముక్కకి మూడు రెట్లు. ఫోను చేసి చెప్పడానికి నాకు నోరు రాలేదు, డెబ్భై దాటిన మనిషి పనిని తప్పు పట్టడం. చివరికి చెప్పాను.

అవతల కాసేపు మాట లేదు. తరువాత, "ఆ రోజు చలిగా వుందిరా. బంక చిక్కగా వుండి గాలి వదల్లేదు. నాకూ అనుమానంగానే వుంది" అన్నాడు. వేసిన పొరలు గీకేసి, ఫిబ్రవరిలో ఎండ ముదిరాక, బంక డబ్బాని ఎండలో కాస్త వెచ్చబెట్టుకొని మళ్ళీ వేశాడు. రెండో బిళ్ళ 0.6 చూపించింది. పడవ ఇంకా ఇసుక మీదే వుంది. బిళ్ళని 2.25 మెగాహెర్ట్జ్ దగ్గర కూడా కొలిచి, నష్టం ఏ లెక్కన పెరుగుతోందో చూడాలి. ఆ ప్రోబు ఏప్రిల్లో దొరుకుతుందని బావ అన్నాడు. అప్పటిదాకా నాన్న అద్దె పడవ మీదే లంకకి వెళుతున్నాడు, మనిషికి ఇంత, గెలకి ఇంత ఇచ్చుకొంటూ.